వేడి మీద కొలిచిన గాలి

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, వైశాఖమాసంలో ఒక ఉదయం పిచ్చికుక్క నన్ను కరిచింది. ఎడమ చెంప మీద, దవడ ఎముకకి కాస్త కిందుగా. ఇప్పుడు గడ్డం పెంచుతున్నాను కాబట్టి మచ్చ ఎవరికీ కనిపించదు. వేలితో తడిమితే మాత్రం మూడు చిన్న గుంటలు తగులుతాయి. ఆ కుక్క మొరగలేదు, గుర్రుమనలేదు. నేను పశువులపాకలో గొంతుక్కూర్చుని లేగదూడకి పచ్చగడ్డి పెడుతూంటే వెనకనుంచి వచ్చింది. నన్ను కరిచి, దూడ మూతి కరిచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. కాలవగట్టు మీద ఊరివాళ్లు దాన్ని కర్రలతో కొట్టి చంపారు. దాని నోటివెంట కారిన చొంగ చూసినవాళ్లంతా అది పిచ్చిదేనని తేల్చారు.

మాది ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెటూరు. వ్యవసాయ కుటుంబం. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, అందరికీ పెద్దదిక్కుగా తాతయ్య. ఆ రోజు అమ్మ గాయాన్ని కుంకుడు రసంతో కడిగి, పసుపు అద్ది, నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మా వైపు అప్పట్లో కుక్క కరిచినవాళ్లని ఏడు నూతుల దగ్గరికి తీసుకెళ్లి తొంగి చూపించేవారు. మర్నాడు మా నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వీధి వీధీ తిప్పింది. నీళ్లలో నా మొహమే కనిపిస్తే గండం గడిచినట్టేనని చెప్పింది. వేరే ఏదైనా కనిపిస్తేనో అని అడిగితే నా చెయ్యి లాగి ముందుకి నడిచింది. ఆరు నూతుల్లోనూ నా మొహమే కనిపించింది. ఏడో నూతిలో ఎవరో అప్పుడే చేద వేసి తోడినట్టున్నారు, నీళ్లు కదులుతున్నాయి. నా మొహం సాగింది, ముక్కు ముందుకొచ్చింది, చెవులు పక్కకి జరిగాయి. నేను వెనక్కి దూకాను. ఏం కనిపించిందని నాయనమ్మ అడిగింది. నా మొహమేనని అబద్ధం చెప్పాను.

ఆ అబద్ధం చెప్పిన దగ్గర్నించి నాకు స్థిమితం లేదు. పైగా, నేను నిద్రపోయాననుకుని పక్కింటి అత్తయ్య మా అమ్మతో చెప్పిన మాటలు విన్నాను. రెండేళ్ల క్రితం పక్క ఊళ్లో ఎవరినో ఇలాగే కుక్క కరిచిందట. నెలన్నర బాగానే తిరిగాడట. ఒకరోజు మంచినీళ్ల చెంబు చూడగానే ఒళ్లంతా వణికి, గుక్క మింగలేక, మూడో రోజుకల్లా పోయాడట. కాబట్టి నీళ్లే గుర్తు అన్నమాట. నీళ్లు తాగగలిగినంతకాలం నాకేమీ కానట్టు, తాగలేని క్షణం వచ్చిందంటే అయిపోయినట్టు.

ఇక నేను నన్ను పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. పెరట్లోకి వెళ్లి చెంబుడు నీళ్లు తీసుకుని తేరిపార చూసేవాణ్ణి. వణుకు వస్తోందా అని చేతులు చూసుకునేవాణ్ణి. ఒక గుక్క తాగేవాణ్ణి. దిగింది. హమ్మయ్య అనుకుని పది అడుగులు వేసేసరికి మళ్లీ అనుమానం. ఇందాక దిగింది సరే, ఇప్పుడో? మళ్లీ వెనక్కి. రోజుకి ఎన్నిసార్లు అలా తిరిగేవాణ్ణో నాకే తెలీదు. తాగే కొద్దీ గొంతు బిగుసుకుపోతున్నట్టు ఉండేది. బిగిసిందని తెలిసేకొద్దీ ఇంకొకసారి చూడాలనిపించేది. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు.

నాలుగో రోజు ఉదయం మా బళ్లో పాఠాలు చెప్పే మాస్టారు విషయం తెలిసి పరుగున వచ్చారు. నీలగిరి కొండల్లో కూనూరు అనే ఊళ్లో ఈ కుక్కకాటుకి కొత్తగా సూదిమందు వేస్తున్నారని, పత్రికలో చదివానని తాతయ్యతో చెప్పారు. జబ్బు బయటపడ్డాక ఏ మందూ లేదు, బయటపడక ముందే వెయ్యాలి. కాటు తలకి ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా బయటపడుతుంది. ఆ మాట అంటూ ఆయన నా చెంప వైపు చూసి చప్పున చూపు తిప్పుకున్నారు. రాజమండ్రిలో సాయంత్రం ఏడింటికి మదరాసు వెళ్లే మెయిలు ఎక్కాలి. అక్కడినుంచి ఇంకో రెండు రైళ్లు. అక్కడికక్కడే కూర్చుని, దారిలోనూ కూనూరులోనూ చూపించమని ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాసి తాతయ్య చేతిలో పెట్టారు.

“ఇవాళ్టి మెయిలు తప్పిపోకూడదండి. రేపు అనుకోకండి” అన్నారు.

రాజమండ్రి మాకు ముప్పై మైళ్ల పైన. మామూలు రోజుల్లో అయితే కాలవలో పడవ ఎక్కేవాళ్లం. కానీ అవి కాలవలు కట్టేసే రోజులు. ఎండాకాలం మరమ్మతులకని లాకులు దించేస్తే కాలవలో చెప్పులు తడవనన్ని నీళ్లు కూడా ఉండవు. ఎడ్లబండి మీద వెళితే తెల్లవారుతుంది. ఉన్న దారి ఒకటే. మా ఊరికి రెండు మైళ్లలో జమీందారు గారి దివాణం ఉంది. ఆయన కిందటేడే మదరాసు నుంచి ఒక మోటారుబండి తెప్పించారు. ఆ చుట్టుపక్కల అంతటికీ అదొక్కటే. జన్మలో ఎవరినీ ఏదీ అడగని మా తాతయ్య కండువా భుజాన వేసుకుని ఆ ఎండలో దివాణానికి నడిచి వెళ్లాడు. తిరిగి మోటారులో వచ్చాడు.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. మామూలుగా ఆ మోటారు మా ఊరి మీదుగా వెళితే పిల్లలందరం దాని వెనక దుమ్ములో పరుగెత్తేవాళ్లం. ఆ రోజు ఒక్కరూ దగ్గరికి రాలేదు. అందరూ అరుగుల మీదే నిలబడి చూశారు. వాళ్లు దూరంగా నిలబడింది బండికి భయపడి కాదని నాకు అర్థమైంది.

ఆ మోటారు నడిపే డ్రైవరు బక్కపల్చటి మనిషి, నల్లగా, చేతుల నిండా నూనె మరకలు. కాకినాడ రేవు దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, కుర్రతనంలో పొగపడవ ఇంజనుకి బొగ్గు వేసి, తర్వాత మదరాసు పోయి మోటారు నేర్చుకున్నాడని దారిలో తెలిసింది. ఊరంతా ఆయన్ని అతను అనే అనేవారు. నేను ఆ రోజు తర్వాత ఎన్నడూ అలా అనలేదు.

అమ్మ నా బట్టల మూట బండిలో పెట్టింది. తాతయ్య ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు మాత్రం ఎక్కలేదు. బండిని వేపచెట్టు నీడలోకి జరిపి, జేబులోంచి వేలెడంత ఇత్తడి గొట్టం ఒకటి తీసి, ఒక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ గొట్టాన్ని టైరులోకి గాలి పోయే చోట నొక్కి పెడితే లోపలినుంచి సన్నని కడ్డీ ఒకటి బయటికి వస్తుంది. దాని మీద గీతలుంటాయి. ఎన్నో గీత దాకా వస్తే టైరులో గాలి అంత ఉన్నట్టు. మొదటి చక్రం చూసి లేచాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు. తాతయ్య ఎండ వైపు చూశాడు.

“ఏమయ్యా, చక్రాలు నాలుగూ బాగానే ఉన్నాయి కదా. బయల్దేరదాం” అన్నాడు.

నిజమే. నేనూ చూశాను. నాలుగు టైర్లూ ఒక్కలాగే ఉబ్బి కనిపిస్తున్నాయి. డ్రైవరు నాలుగో చక్రానికి గొట్టం పెట్టి, కడ్డీ చూసి, మళ్లీ ఒకసారి పెట్టి చూశాడు. తర్వాత లేచి తాతయ్య దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు. మూడు చక్రాలకి అరవయ్యో గీత వచ్చింది. ఈ వెనక చక్రానికి నలభై. పొద్దున్న దివాణంలో చూసినప్పుడు దీనికీ అరవయ్యే ఉంది. అంటే గాలి ఎక్కడినుంచో పోతోంది.

“కంటికి ఒక్కలాగే ఉంటాయండి అయ్యగారూ. ఇలాగే పోతే ఏ మలుపులోనో టైరు సక్రం మీంచి ఊడొచ్చేత్తది. అప్పుడు బండీ ఉండదు, మనమూ ఉండం” అన్నాడు.

ఎంతసేపు పడుతుందని తాతయ్య అడిగాడు. గంట అన్నాడు. తాతయ్య కోపం నాకు తెలుసు గనుక అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బండి దిగి అరుగు మీద కూర్చుని కండువాతో మొహం కప్పుకున్నాడు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. నాకు డ్రైవరు మీద పీకల దాకా కోపం వచ్చింది. వెళ్లే దారి ఉండగా కావాలనే ఆపుతున్నాడనిపించింది.

ఆయన చక్రాన్ని ఎత్తి, ఇనుప కడ్డీలతో టైరుని ఒకవైపు ఊడదీసి, లోపల ఉన్న ట్యూబుని బయటికి లాగాడు. బండిలో ఇంకో ట్యూబు ఉంది. దాన్ని వేసెయ్యవచ్చు కదా అని తాతయ్య అడిగాడు. ముల్లు టైరులోనే ఉండిపోయి ఉంటే కొత్త ట్యూబుకీ అదే గతి పడుతుందని, చిల్లు ఎక్కడ పడిందో తెలిస్తే ముల్లు ఎక్కడ ఉందో తెలుస్తుందని ఆయన చెప్పాడు. చెబుతూనే పాత ట్యూబులోకి పంపుతో గాలి కొట్టాడు. పశువులు నీళ్లు తాగే గోలెం దగ్గరికి దాన్ని తీసుకెళ్లి, నా వైపు తిరిగి, చాలా మామూలుగా పిలిచాడు.

“చిన్నబాబుగారూ, నా కళ్లల్లో చెమట పడుతోంది. నేను ముంచుతాను, బుడగ ఎక్కడినుంచి వత్తాదో మీరు సూడండి.”

నాయనమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. అమ్మ గుమ్మం వదిలేసింది. అరుగు మీదనుంచి తాతయ్య కండువా తీసి చూస్తున్నాడు. ఎందుకో నాకు తెలుసు. గోలెం నిండా నీళ్లు. నేను వాటిలోకి చూడాలి. వాళ్లంతా నా మొహం చూస్తున్నారు.

వెళ్లాను. గోలెం అంచు పట్టుకుని వంగాను. ఆయన ట్యూబుని కొంచెం కొంచెం తిప్పుతూ ముంచుతున్నాడు. మొదట నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అంతలో ట్యూబు పక్కనుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. పూసల్లాగ వరసగా. ఇదిగో ఇక్కడ అని నేను నీళ్లలోకి చెయ్యి పెట్టి వేలితో చూపించాను. ఆయన ఆ చోట వేలు ఉంచెయ్యమన్నాడు. ఉంచాను. నా వేలి కింద గాలి చక్కిలిగింత పెట్టింది. కొంతసేపటికి గానీ నా చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ఉందని గుర్తు రాలేదు.

ఆయనకి ఊళ్లో ఎవరైనా చెప్పారో, తనంతట తానే గ్రహించాడో, లేక నిజంగానే కళ్లల్లో చెమట పడిందో నేను ఈ రోజు దాకా తేల్చుకోలేదు.

ముల్లు దొరికింది. తుమ్మముల్లు, టైరులో విరిగి, లోపలి వైపు గోరంత తేలి ఉంది. దాన్ని లాగి పారేసి, కొత్త ట్యూబు వేసి, టైరు ఎక్కించి, పంపు కొట్టి, మళ్లీ గొట్టం పెట్టి అరవయ్యో గీత వచ్చేదాకా లేవలేదు. మధ్యాహ్నం రెండు దాటింది. అమ్మ నా తల నిమిరి, వీపు తట్టి, చేతికి మంచినీళ్ల చెంబు ఇచ్చింది.

నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. వెనక తాతయ్య ఒక చేత్తో బండి అంచు, ఒక చేత్తో ఉత్తరాలు పట్టుకుని కూర్చున్నాడు. కాలవగట్టు రోడ్డు ఎండకి గట్టిపడి, బండ్ల చక్రాల గాడులతో ఎగుడుదిగుడుగా ఉంది. మోటారు ఎగిరెగిరి పడుతోంది. అమ్మ ఇచ్చిన మంచినీళ్ల చెంబు నా మోకాళ్ల మధ్య ఉంది. గోలెం దగ్గర కలిగిన ధైర్యం మూడు నాలుగు మైళ్లకే కరిగిపోయింది. నీళ్లలో చెయ్యి పెట్టడం వేరు, తాగడం వేరు అనిపించింది. చెంబు మూత తీసి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. అదే సమయానికి బండి గతుకులో పడింది. నీళ్లు మింగుడుపడలేదు. ముక్కులోంచి బయటికి వచ్చాయి.

ఉక్కిరిబిక్కిరై దగ్గాను. దగ్గు తగ్గాక ఇంకో గుక్క పోసుకున్నాను. గొంతు ముడేసుకున్నట్టు బిగిసింది. మింగలేక పక్కకి ఉమ్మేశాను. నా చేతులు వణుకుతున్నాయి. బండి కుదుపుకా, జబ్బుకా? మొదలైపోయిందనుకున్నాను. ఇక కూనూరు వెళ్లీ లాభం లేదు. వెనక్కి తిరిగి చూస్తే తాతయ్య కళ్లు మూసుకుని భీమేశ్వరస్వామిని తలుచుకుంటున్నాడు. ఆయనకి ఎలా చెప్పను? చెంబుకి మూత పెట్టి, అది కనబడకుండా మూట కిందకి తోశాను.

నాలుగు గంటల వేళ బండి ముందున్న ఇత్తడి పెట్టెలోంచి ఆవిరి బుసలు కొట్టింది. అందులో నీళ్లు మరిగిపోయాయని, చల్లారి కొత్త నీళ్లు పోసేదాకా ఇంజను నడవదని చెప్పి డ్రైవరు ఒక తాటితోపు పక్కన ఆపాడు. తాతయ్య కాలవ దిగి, దూరాన మడుగులో మిగిలిన నీళ్లు బాల్చీతో తేవడానికి వెళ్లాడు. తానే వెళతానని డ్రైవరు అన్నా వినలేదు. ఊరికే కూర్చోలేకపోయాడు.

నేను దిగి, ఇందాకటి చక్రం దగ్గర నిలబడ్డాను. గాలి మళ్లీ చూడమని డ్రైవరుని అడిగాను. అక్కర్లేదన్నాడు. నేను చూడమని పట్టుబట్టాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, గొట్టం తీసి పెట్టాడు. కడ్డీ అరవై ఏడు దాకా వచ్చింది.

ఎక్కువైంది, పేలిపోతుంది, తీసెయ్యండి అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఆయన గొట్టం జేబులో పెట్టుకుని చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

“ఇది టైరులో ఉన్న గాలి కాదు బాబూ, వేడి. ఇంత ఎండలో, ఇన్ని గతుకుల్లో పరిగెత్తింది. వేడి మీద కొలిత్తే అబద్ధం సెబుద్ది. ఆ అబద్ధం నమ్మి ఇప్పుడు గాలి తీసేత్తే, సల్లారాక సక్రం నిజంగానే సచ్చిపోద్ది. బయల్దేరే ముందు, సల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఆ కొలత సరిగ్గా ఉంటే ఇక దాన్ని నమ్మి బండెక్కాలి.”

మరి ఇంటి దగ్గర నలభై ఉందిగా అన్నాను. అప్పటికి బండి రెండు మైళ్లే నడిచిందని, అది చల్లగా ఉన్నప్పుడు చూసింది కాబట్టే నమ్మానని, నమ్మాను కాబట్టే మీ తాతయ్యగారికి కోపం వచ్చినా గంట ఆపానని ఆయన అన్నాడు. మోటారు నేర్చుకున్న కొత్తలో తాను మైలుకోసారి దిగి గాలి చూసేవాడినని చెప్పాడు. చూసిన ప్రతిసారీ గొట్టం పెట్టేటప్పుడు కాస్త గాలి బయటికి పోతుంది. అలా చూసి చూసి, ఏ ముల్లూ గుచ్చుకోకుండానే, ఒకరోజు తానే నాలుగు చక్రాల్లోనూ గాలి తగ్గించేశాడట. ఆ మాట చెప్పి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మీరు దేన్ని కొలుస్తున్నారు బాబూ అని మెల్లగా అడిగాడు.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మూట కింద దాచిన చెంబు సంగతి చెప్పాను. ఏడో నూతి సంగతి చెప్పాను. పెరట్లో రోజూ చేసే పరీక్షలు, ఇందాక ముక్కులోంచి వచ్చిన నీళ్లు, అన్నీ చెప్పేశాను. నాకు పిచ్చి మొదలైందన్నాను. తాతయ్యకి చెప్పొద్దని బతిమాలాను.

ఆయన ఏమీ కాదులే అనలేదు. లేచి తోపులోకి వెళ్లాడు. అక్కడ ఒకాయన తాటిగెలలు దింపుతున్నాడు. ఆయన్ని అడిగి నాలుగు కాయలు కొట్టించుకుని తెచ్చాడు. నా కాళ్లకి అంటిన దుమ్ము దులుపుకోమన్నాడు. మొహానికి తడిగుడ్డ వేసుకోమన్నాడు. కాసేపు నీడలో కూర్చోబెట్టి సముద్రం మీద చేపలవేట కబుర్లు చెప్పాడు. వాళ్ల నాన్న వల విసిరే ముందు మబ్బుని ఎలా చూసేవాడో, ఒకసారి ఒక పెద్ద చేప పడవని ఎంత దూరం లాక్కెళ్లిందో. చెబుతూ చెబుతూ ఒక తాటికాయ నా చేతికిచ్చి, ఇంకోటి తాను తీసుకున్నాడు. ముంజె ఒలవకుండా కాయలోనే బొటనవేలు గుచ్చి పీల్చడం మా వైపు పిల్లలకి నడక కంటే ముందు వస్తుంది. ఆ చేప ఏమైందని అడుగుతూ మూడు ముంజెలూ పీల్చేశాను. రెండో కాయ అందుకున్నాను.

“తాగింది నీళ్లేగా” అన్నాడాయన.

చెయ్యి అలాగే ఆగిపోయింది. గడ్డం మీదనుంచి ముంజె నీళ్లు కారి చొక్కా తడిసి ఉంది. నాకు తెలియకుండానే అన్ని గుక్కలు దిగాయి. నాలుగు రోజుల తర్వాత మొట్టమొదటిసారి నా గొంతు గురించి నేను మరిచిపోయాను.

కూనూరు వెళ్లాల్సిందేనని, సూదులు వేయించుకోవాల్సిందేనని, అందులో మాత్రం ఒక్కరోజు కూడా తప్పకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. ముల్లు గుచ్చుకున్న మాట నిజమే, దాన్ని తీయించుకోవాలి. కానీ రోజంతా చెంబు పట్టుకుని తిరగొద్దన్నాడు. రోజుకి ఒక్కసారి, పొద్దున్న లేవగానే, మనసు చల్లగా ఉన్నప్పుడు చెంబుడు నీళ్లు తాగమన్నాడు. దిగితే ఆ రోజుకి అంతే. మళ్లీ మర్నాడు.

ఇంతలో తాతయ్య నీళ్లు తెచ్చాడు. బండి చల్లారేదాకా ఇంకో అరగంట పట్టింది. కదిలేముందు డ్రైవరు నన్ను పిలిచి, నా చేతే గొట్టం పెట్టించాడు. కడ్డీ అరవై రెండు దగ్గర ఆగింది. ఆయన నా వైపు చూసి తల ఊపాడు.

రాజమండ్రి చేరేసరికి వీధుల్లో దీపాలు పెడుతున్నారు. స్టేషనులో సిగ్నలు చెయ్యి దిగి ఉంది, రైలు కూత వినబడుతోంది. డ్రైవరు మా మూట నెత్తిన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ముందు పరుగెత్తాడు, వెనక తాతయ్య. మమ్మల్ని పెట్టెలోకి ఎక్కించి కిటికీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. తాతయ్య ఆయనకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. మా తాతయ్య అలా ఒక డ్రైవరుకి దణ్ణం పెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆయన కంగారుపడిపోయి, వద్దండి అయ్యగారూ అంటూ వెనక్కి జరిగాడు. రైలు కదిలింది.

కూనూరులో రెండు వారాల పైన ఉన్నాం. రోజుకొక సూది, పొట్ట మీద. చలికి తాతయ్య వణికేవాడు, సూదికి నేను వణికేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి డాక్టరు, కొన్ని నెలలు జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పంపాడు. ఆ కొన్ని నెలలే అసలు పరీక్ష. ఇంటికి వచ్చిన పది రోజులకి, ఒక మధ్యాహ్నం, నాతో పాటు కాటు పడిన దూడ తలుపుకి తల బాదుకోవడం మొదలుపెట్టింది. నోటివెంట నురగ. తాతయ్య నన్ను గదిలోకి పంపి తలుపు వేశాడు. ఆ అరుపులు వింటూంటే నా గొంతు మళ్లీ బిగిసింది. గదిలోనే కుండ ఉంది, పక్కనే గ్లాసు ఉంది. లేచాను. గ్లాసు అందుకున్నాను. ఇది వేడి మీద అనుకున్నాను. గ్లాసు బోర్లించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను ఆ తర్వాత కూడా చెయ్యలేదు. తెల్లవారి లేచి, మొహం కడుక్కుని, చెంబుడు నీళ్లు తాగాను. దిగాయి. బయటికి వెళ్లి ఆడుకున్నాను.

ఆ డ్రైవరుని నేను మళ్లీ చూడలేదు. మేం కూనూరులో ఉండగానే ఆయన దివాణం కొలువు మాని రంగూన్ ఓడ ఎక్కాడని చెప్పారు.

అప్పటికీ ఇప్పటికీ నేను పిరికివాణ్ణే. భయం నాకు పోలేదు. కిందటేడు మా ఆవిడకి సన్నిపాతజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం పట్టింది. డాక్టరు జ్వరం చూసే గాజుపుల్ల ఒకటి ఇచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి కాగితం మీద రాయమన్నాడు. మొదటి రోజు నేను దాన్ని అరగంటకోసారి ఆవిడ నోట్లో పెట్టాను. ఒక గీత పెరిగితే నా ప్రాణం పోయేది, ఒక గీత తగ్గితే వచ్చేది. మధ్యాహ్నం మళ్లీ పెట్టబోతూంటే ఆవిడ నీరసంగా కళ్లు తెరిచి, నా చేతిలో గాజుపుల్ల తప్ప నేను కనబడటం లేదంది. నాకు సిగ్గేసింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత వేశాను. సాయంత్రం దాకా ఇక తీయలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి కాలుతూనే ఉంది. నా లోపల వణుకూ ఉంది. అయినా ఆవిడ అడిగిన పాత కబుర్లన్నీ చెప్పాను, చెబుతూంటే కాసేపటికి నిద్రపోయింది.